పక్కకు లాగే బోటు

ఫిబ్రవరి 10, సోమవారం

ఈ డైరీ బెన్నీకి రైల్వే యూనియన్ వాళ్ళు ఇచ్చారు. కొత్త సంవత్సరం నుంచి టీవీ పక్కన పడి ఉంది. ఇవాళ నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులు విడిచిన తీరు చూసి, తెచ్చి నా చేతిలో పెట్టాడు. అక్కడ అనలేనివన్నీ ఇందులో అనమన్నాడు, ఇంట్లో మాత్రం వద్దన్నాడు. నల్లపాడు స్టేషన్లో ఇన్నేళ్ళుగా రైళ్ళను ఆపి పంపేవాడికి పెళ్ళాన్ని ఎక్కడ ఆపాలో బాగా తెలుసు.

సంగతి ఇది. మా కారం ఫ్యాక్టరీ యజమాని గురునాథం గారు టేపు పట్టుకొని నా షెడ్డుకు వచ్చారు. రెండో కొస ఆయన మేనల్లుడు నాగేంద్రబాబు పట్టుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉండగానే పొడవు, వెడల్పు కొలిచారు. బతికుండగానే పెట్టెకు కొలతలు తీసినట్టుంది.

నాలుగేళ్ళుగా నేను ఆ షెడ్డులో ఏం చేస్తున్నానో నాగేంద్రబాబుకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మిరపకాయలోని ఘాటునంతా తీస్తే ఎర్రటి జిగురు వస్తుంది. దాన్ని అందరూ మసాలాలకు అమ్ముకుంటారు. నేను ఓడల అడుగున వేసే రంగులో కలిపాను. నీళ్ళలో ఉన్న ఓడకు అడుగున గుల్లలు పట్టుకుంటాయి, ఓడ బరువెక్కి డీజిలు తాగుతుంది. ఈ ఘాటు ఉంటే గుల్లలు అంటుకోవు. అంతా విని అతను తలూపాడు. "అంటే చేపలకు కారం పెడతామన్నమాట," అన్నాడు.

వచ్చే నెల విశాఖలో నౌకాదళాల ప్రదర్శన ఉంది. రకరకాల దేశాల నేవీల వాళ్ళు వస్తారు. మాకూ ఒక స్టాలు తీసుకున్నారు. అక్కడ ఒక్క విదేశీ ఆర్డరు పడితే షెడ్డు నాది. పడకపోతే అందులో కారప్పొడి ప్యాకింగ్ మిషను పెట్టి నాగేంద్రబాబుకు అప్పగిస్తారు. నేను మళ్ళీ కారప్పొడిలో తేమ చూసుకుంటూ కూర్చోవాలి.

నాకేం బాధ లేదు. నాలుగు గోడలు, పైన రేకులు. దానికి ఎవరైనా ఏడుస్తారా?

ఫిబ్రవరి 11

నిద్ర పట్టలేదు. దోమలు.

ఫిబ్రవరి 12

దోమలు లేవని బెన్నీ అంటున్నాడు. ఈయనకు తోలు మందం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

స్టాలుకు నాగేంద్రబాబు బ్యానరు చేయించాడు. దాని మీద క్షిపణి. క్షిపణికి తొడిమె ఉంది. పరీక్షగా చూస్తే అది మిరపకాయ. కింద "గుంటూరు ఘాటు, శత్రువుకు పోటు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఇది గుల్లల మీద పోరాటం నాయనా, శత్రువెవడూ లేడు అన్నాను. మార్కెటింగ్‌లో శత్రువు ఉండాలి అక్కా అన్నాడు. గురునాథం గారికి అది తెగ నచ్చింది. నలభై ఏళ్ళు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసిన మనిషి. సంచి మీద బొమ్మ పెద్దదిగా ఉంటే చాలు ఆయనకు.

పోయిన జూన్‌లో నా షెడ్డులో మాయమైన రంగు డబ్బా సంగతి మళ్ళీ ఎత్తాను. పెద్ద డబ్బా, మిరపసారం కలిపినది. ఎవరూ పలకలేదు. నాకు మాత్రం తెలుసు. నాగేంద్రబాబు ఇంటి గేటు పోయిన జూన్‌లోనే ఎర్రగా మెరిసింది. ఆ వీధి కుక్క అంతకు ముందు రోజూ ఆ గేటు దగ్గరే కాలెత్తేది. ఇప్పుడు ఎత్తడం లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టు అడుగుతుంది?

ఫిబ్రవరి 26, బుధవారం

నిజాంపట్నం వెళ్ళి పలకలు తెచ్చాను. ఇవాళ కోపం లేదు.

పోయిన జూన్‌లో రెండు ఇనుప పలకలకు రంగు వేసి, అక్కడ చేపలు పట్టే క్రీస్తుదాసు బోటు నిలిపే చోట నీళ్ళలో వేలాడదీశాం. ఒకదానికి మామూలు రంగు, ఒకదానికి నాది. ఇవాళ పైకి లాగితే మామూలు పలక మీద గుల్లలు గజ్జి పట్టినట్టు పట్టాయి, వేలు పెట్టే సందు లేదు. నాది నున్నగా ఉంది. అక్కడే గట్టు మీద నిలబడి కాసేపు ఏడ్చాను. గాలికి కళ్ళు నీళ్ళు తిరిగాయని క్రీస్తుదాసుతో చెప్పాను.

అతని గోల అతనిది. ఎబినేజరు (అతని బోటు పేరు) దీపావళి నుంచి కుడి పక్కకు లాగుతోందట. చుక్కాని మార్చాడు, మెకానిక్‌ను మార్చాడు, పాస్టరు అయ్యగారి చేత బోటు మీద ప్రార్థన కూడా చేయించాడు. అయినా నేరుగా పోవట్లేదట. బోట్ల సంగతి నాకేం తెలుసు? నా పలకలు బాగున్నాయి కదా, దేవుడు దాన్నీ బాగు చేస్తాడులే అన్నాను. అతను నా పలక వైపు చూసి, ఎందుకో తల వంచుకున్నాడు. భక్తిపరుడు పాపం.

మార్చి 2, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. వెళ్తే అక్కడ ప్రార్థన చేసేదాన్ని కాదు, శాపాలు పెట్టేదాన్ని.

నిన్న సాయంత్రం సామాను లారీకి ఎక్కించే ముందు గురునాథం గారు గోడౌన్‌కు వచ్చారట. గుల్లల పలక చూశారట. ఇంత మకిలి సరుకు బయటి దేశాల వాళ్ళ ముందు పెడతామా అన్నారట. మిర్చి ఏరే ఆడవాళ్ళను నలుగురిని పిలిచి, ఉలితో గీకించి, చింతపండు పెట్టి తోమించి, పనిలో పనిగా రెండు పలకలనూ రంగు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దించారు. యార్డులో మచ్చు ఇచ్చేటప్పుడు తాలుకాయలు ఏరేసి, మెరిసే కాయలే పైన పెడతారు కదా. అదే చేశారు ఆయన. తర్వాత రెండు పలకలకూ పసుపు రాసి, బొట్లు పెట్టి, పూలు వేసి హారతి ఇచ్చారు.

ఇప్పుడు రెండు పలకలూ అద్దాల్లా ఉన్నాయి. ఏది ఏదో కన్నతల్లిని నాకే తెలియట్లేదు.

ఆ మకిలే మన సరుకండీ అని చెప్పాను. ఆయనకు ఎక్కలేదు. "అమ్మాయ్, మచ్చు ఎప్పుడూ మెరవాలి. నలభై ఏళ్ళలో మురికి మచ్చు చూపించి ఒక్క బస్తా అమ్మినవాణ్ణి నేను చూడలేదు," అన్నారు. ఎంత ప్రేమగా అన్నారంటే తిట్టడానికి నోరు రాలేదు. నలుగురికీ తలా వంద ఇచ్చారట. నా నాలుగేళ్ళు నాలుగు వందలకు తోమేశారు.

ఫొటోలు ఉన్నాయి. ఫొటోలు చూపిస్తాను. ఏం కాదు.

మార్చి 5, బుధవారం, విశాఖపట్నం

స్టాలు పెట్టాం. ఒక పక్క టార్పెడోలు చేసేవాళ్ళు, ఇంకో పక్క ఓడల రాడార్లవాళ్ళు. మధ్యలో మేం, మా తొడిమె క్షిపణి. తనిఖీకి పోలీసు కుక్క వచ్చింది. మా డబ్బాల దగ్గర ఒక్క తుమ్ము తుమ్మి, యజమానిని లాక్కుంటూ రాడార్ల వైపు పరుగెత్తింది. దాని తర్వాత మమ్మల్ని ఎవరూ తనిఖీ చేయలేదు.

రోజంతా జనమే. ప్రతివాడూ అద్భుతం అన్నాడు. ఇంత కొత్త ఆలోచన ఎక్కడా చూడలేదన్నారు. కార్డుల గిన్నె నిండిపోయింది. ఇన్ని కార్డుల్లో ఒక్కటి పండినా చాలు. బెన్నీకి ఫోన్ చేసి షెడ్డుకు కొత్త ఫ్యాన్ ఎంతవుతుందో అడగమన్నాను.

మార్చి 6, గురువారం

ఒక దరిద్రుడు తగిలాడు. ఏదో దీవుల దేశం, అక్కడి తీరరక్షక దళంలో కమాండరట. పేరు నాకు నోరు తిరగలేదు. కమాండరు అనే రాస్తాను. వెదురుగడలా పొడుగ్గా, ఇస్త్రీ మడతతో సహా తెల్లగా ఉన్నాడు.

వస్తూనే వంకలు. క్షిపణి ఎందుకు? డబ్బా మూత ఎందుకు కారుతోంది? పలక మూలల్లో పసుపుపచ్చ పొడి ఏమిటి? రెండు పలకలూ ఒకేలా ఉంటే తేడా ఎలా తెలుస్తుంది? ఒకదానికి గుల్లలు పట్టాయి అన్నాను. ఎక్కడ అన్నాడు. కడిగేశాం అన్నాను. ఎవరు అన్నాడు. మా యజమాని అన్నాను. ఎందుకు అన్నాడు. శుభ్రంగా ఉండాలని అన్నాను. అతను నా వంక కాసేపు చూశాడు. ఆ చూపు నాకు జన్మలో గుర్తుంటుంది. ఫొటోలు తీస్తే పక్కకు తోసేశాడు. ఈ రోజుల్లో దొంగ ఫొటోలు పిల్లలు కూడా చేస్తారన్నాడు.

అప్పుడు నాగేంద్రబాబు సిల్కు చొక్కాలో ఊడిపడ్డాడు. మిరపసారం మచ్చు సీసా పైకెత్తి చూపించి, వెంటనే కమాండరు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని ఊపాడు. సీసా మూత వదులుగా ఉన్నట్టుంది. నేనేమీ చేయలేదు. కాసేపటికి కమాండరు నుదురు తుడుచుకున్నాడు, కన్ను నలుపుకున్నాడు. ఆ తర్వాత నాగేంద్రబాబూ నలుపుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, దశాబ్దాల తర్వాత కలిసిన అన్నదమ్ముల్లా ధారలుగా ఏడ్చారు. టార్పెడోలవాళ్ళు నీళ్ళ బాటిళ్ళు తెచ్చారు.

నేను ఆడవాళ్ళ బాత్రూంలోకి వెళ్ళి కడుపు పట్టుకొని నవ్వాను. తర్వాత ఆగిపోయాను. ఆ వంకల మనిషి ఇంక రాడు. రాకపోతే పీడా పోయింది.

మళ్ళీ రాస్తున్నా. నేనేమీ చేయలేదు.

మార్చి 7, శుక్రవారం

గురునాథం గారు తెల్లవారుజాము బస్సు దిగి నేరుగా స్టాలుకు వచ్చారు. మెచ్చుకున్నవాళ్ళ కార్డులన్నీ చూపించాను. ఆయన గిన్నెను పక్కకు జరిపి, వంకలు పెట్టినవాడు ఎవరైనా ఉన్నాడా అని అడిగారు. ఒక్కడున్నాడు, ఏడ్చుకుంటూ పోయాడు అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సరుకు బాగుందన్నవాడు టీ తాగి పోతాడమ్మాయ్. వంక పెట్టినవాడే సంచి ఎత్తుతాడు. ఏడీ వాడు?"

మధ్యాహ్నమంతా హాళ్ళన్నీ తిరిగి, వెతికి పట్టుకున్నారు. ఈయనకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. మధ్యలో నేను. కమాండరు ఎర్రటి కళ్ళతోనే ఇంకో నాలుగు వంకలు పెట్టాడు. ప్రతి వంకకూ గురునాథం గారు ఆనందంగా తలూపారు. చివరికి తేలిందేమిటంటే, అతను ఏప్రిల్లో పని మీద చెన్నై వస్తున్నాడు. అక్కడి నుంచి మా దగ్గరకు వస్తాడు. నెలల తరబడి సముద్రంలో నానిన వస్తువు కళ్ళారా చూపించాలి. పలకలు వద్దు, ఫొటోలు వద్దు, మాటలు అసలే వద్దు.

తిరుగు ప్రయాణంలో గురునాథం గారు నా షెడ్డు రెండో తాళం చెవి అడిగి తీసుకున్నారు. మిషను వాళ్ళకు అడ్వాన్సు ఇచ్చేశారట. కమాండరు వచ్చి వెళ్ళేదాకా వాళ్ళను ఆపుతారట. "అతను కొంటే నీది, కొనకపోతే వాడిది," అన్నారు. వెనక సీట్లో నాగేంద్రబాబు తడిగుడ్డ కళ్ళ మీద వేసుకొని పడుకున్నాడు. విశాఖ గాలి పడలేదట.

మార్చి 16, ఆదివారం

మెచ్చుకున్నవాళ్ళందరికీ ఉత్తరాలు పంపాను. ఒక్క జవాబూ రాలేదు. టీ తాగి పోయారు.

కొత్త పలకలు నీళ్ళలో వేస్తే గుల్లలు పట్టడానికి నెలలు కావాలి. నాకున్నది ఒక నెల.

మార్చి 29

మూత వదులుగా పెట్టింది నేనే. ఇది నా డైరీ కాబట్టి రాస్తున్నా. నాగేంద్రబాబుకు చెప్పాలి. రేపు చెబుతాను.

మార్చి 30

ఆదివారం. ఆదివారం ఎవరికీ మనసు కష్టపెట్టకూడదు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఒక ఆలోచన వచ్చింది. మోసం కాదు. ముందు రాసుకుంటే నాకే తెలుస్తుంది మోసం కాదని.

ఆ పలక మీద గుల్లలు ఉండేవి. నిజంగా ఉండేవి. గురునాథం గారు గీకించారు. నేను వాటిని మళ్ళీ అతికిస్తాను. ఇల్లు కూలితే కట్టుకోమా? వచ్చే వారం సముద్రంలో వేట ఆపేస్తారు, బోట్లన్నీ ఒడ్డుకెక్కిస్తారు, అడుగులు గీకుతారు. గుల్లలు గంపలతో దొరుకుతాయి. మంచి జిగురు బెన్నీ దగ్గర ఉంది.

బెన్నీకి చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత జిగురు ఎక్కడుందో చెప్పాడు. జిగురు ఇచ్చినవాణ్ణి కాబట్టి నా పేరు మాత్రం ఈ డైరీలో రాయొద్దన్నాడు.

ఏప్రిల్ 16, బుధవారం

ఇవాళ్టి సంగతి వివరంగా రాయాలి.

ఖాళీ సంచి, జిగురు పట్టుకొని నిజాంపట్నం వెళ్ళాను. బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి, అడుగులు గీకుతున్నారు. ఒక్క ఎబినేజరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దానికి ఎడమ పక్క పైనుంచి కిందిదాకా టార్పాలిన్ కప్పి ఉంది. దాని ముందు క్రీస్తుదాసు పీట వేసుకొని కాపలా కాస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్ళు తాగుతారా అన్నాడు, కూల్‌డ్రింక్ తాగుతారా అన్నాడు, ఎండ ఎక్కువగా ఉంది ఇంటికి పదండమ్మా అన్నాడు. మాట ఎటు తిప్పినా చివరికి ఇంటికి పొమ్మనే వస్తోంది.

కుడి పక్క చూశాను. చెక్క కనిపించట్లేదు. అంతా గుల్లలే, ఒకదాని మీద ఒకటి. ఇవి నాకు చాలు, ఓ సంచెడు ఇవ్వు అన్నాను. అతను ఆ పక్కకు వెళ్ళి గీకుతుంటే గాలికి టార్పాలిన్ అంచు లేచింది.

లోపల ఎడమ పక్క నున్నగా ఉంది. ఎర్రగా ఉంది. నా ఎరుపు. నిద్రలో లేపి అడిగినా గుర్తుపడతాను.

టార్పాలిన్ మొత్తం లాగేశాను. క్రీస్తుదాసు గీకుడు చెక్కతో సహా అలాగే నిలబడిపోయాడు. పోయిన జూన్‌లో పలకలకు రంగు వేసిన రోజు, సామాను ఆటోలోకి ఎక్కించడానికి అతనే వచ్చాడు. అప్పుడే ఆ మాయమైన డబ్బానూ ఎక్కించుకున్నాడు.

"ఒక్క డబ్బానే కదమ్మా. ఒక పక్కకే సరిపోయింది. రెండో పక్కకు పాత రంగే వేశాను," అన్నాడు.

అందుకే బోటు పక్కకు లాగుతోంది. ఎడమ పక్క నున్నగా జారుతుంటే, కుడి పక్క గుల్లల బరువుతో నీళ్ళను పట్టుకొని లాగుతోంది. ఇన్నాళ్ళూ చుక్కానినీ, మెకానిక్‌నూ, దయ్యాన్నీ అనుమానించాడు కానీ తను వేసిన రంగును మాత్రం అనుమానించలేదు. బోటు ఒడ్డుకెక్కించాకే తెలిసిందట. తెలిసిన మరుక్షణం టార్పాలిన్ కప్పాడు.

తిడదామని నోరు తెరిచాను. గట్టి మాటలే వెతుక్కున్నాను. అతను నా చేతిలోని సంచి వైపు, అందులోంచి తొంగి చూస్తున్న జిగురు డబ్బా వైపు చూశాడు.

"గుల్లలు జిగురుతో ఎందుకమ్మా?" అన్నాడు.

నోరు మూసుకున్నాను. దొంగకు తేలు కుట్టినట్టయింది ఇద్దరికీ. జిగురు డబ్బాను సంచి అడుక్కు తోశాను. తర్వాత, బోటును గీకొద్దని, టార్పాలిన్ మళ్ళీ కప్పమని చెప్పాను. సోమవారం ఒక పెద్దమనిషిని తీసుకొస్తానన్నాను. పోలీసా అని అడిగాడు. కాదు, నేవీ అన్నాను. అతను పీట మీద కూలబడ్డాడు.

జిగురు డబ్బా సముద్రంలో పారేద్దామనుకున్నాను. బెన్నీ అడుగుతాడని తెచ్చేశాను.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

సిలువ మీద ఏడు మాటల ఆరాధన. పక్క సిలువ మీది దొంగను క్షమిస్తూ యేసు అన్న మాట దగ్గర క్రీస్తుదాసు గుర్తొచ్చాడు. తర్వాత నేనూ గుర్తొచ్చాను.

ఏప్రిల్ 21, సోమవారం

కమాండరు వచ్చాడు. గురునాథం గారు, నాగేంద్రబాబు, నేను, అతను. దారిలో చిలకలూరిపేట దగ్గర లారీల వరస చూసి రోడ్డుకు వంక పెట్టాడు. టీలో చక్కెరకు వంక పెట్టాడు. ఒక్కో వంకకూ గురునాథం గారు నా వైపు చూసి కన్ను గీటుతున్నారు.

క్రీస్తుదాసు ఈస్టర్ బట్టల్లోనే ఉన్నాడు. టార్పాలిన్ తీశాడు. కమాండరు బోటు చుట్టూ తిరిగాడు. ఎడమ పక్క అరచేత్తో రాశాడు. కుడి పక్క గుల్లలను వేలితో కొట్టాడు. మళ్ళీ ముందుకు వచ్చి, చుక్కాని దగ్గర నిలబడి, రెండు పక్కలూ ఒకేసారి చూశాడు.

అప్పుడు అన్నిటికంటే పెద్ద వంక పెట్టాడు. ఈ పక్క శుభ్రంగా ఉంది, నిజమే. కానీ ఇది మీ రంగే అని నమ్మకం ఏమిటి? నిన్న గీకి ఎర్ర రంగు వేసి ఉండొచ్చు కదా? రెండు పలకలూ తోమేసి తెచ్చినవాళ్ళు ఏమైనా చేస్తారు కదా?

దొంగిలించిన డబ్బాకు రసీదు ఎక్కడుంటుంది? గురునాథం గారు కూడా మొదటిసారి తల ఊపడం మానేశారు. నాగేంద్రబాబు చేతులు కట్టుకొని నిలబడ్డాడు, మిషను ఎక్కడ పెట్టాలో లోపల లెక్క వేసుకుంటూ.

కమాండరు జేబులోంచి చిన్న చాకు తీశాడు. ఎడమ పక్క రంగును కొంచెం గీకాడు. ఆ పొడిని అరచేతిలో వేసుకొని వేలితో నలిపి చూశాడు. సముద్రం నుంచి ఒక్క గాలి వచ్చింది. పొడి లేచింది.

తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. తెలియకుండానే కన్ను నలుపుకున్నాడు. నీళ్ళు బొటబొటా కారాయి. ఒక్క కన్నుతో నన్ను చూసి, తర్వాత నాగేంద్రబాబును చూశాడు. వేలెత్తి అతన్ని చూపించాడు.

"ఇదే మంట. విశాఖలో ఈ మనిషి చేతుల్లో ఉంది," అన్నాడు ఇంగ్లీషులో. "నెలన్నరైనా మర్చిపోలేదు నేను."

ఆ తర్వాత చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అతనికి పళ్ళు ఉన్నాయని అప్పుడే చూశాను. ఏమన్నాడని గురునాథం గారు నన్ను అడిగారు. చెప్పబోయాను. ఆయనకు చెప్పక్కర్లేకపోయింది. యార్డులో కొనేవాడు కాయ తుంచి నలిపి, ముక్కుకు పెట్టుకొని తుమ్మిన తర్వాత ముఖం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు.

"సంచి ఎత్తేశాడమ్మాయ్," అన్నారు.

ఏప్రిల్ 30, బుధవారం

ఆర్డరు కాగితం వచ్చింది. రెండు గస్తీ బోట్ల అడుగులకు సరిపడా రంగు. పనిచేస్తే మొత్తం దళానికి. దాంతో పాటు ఒక షరతు. మా దగ్గర సాక్ష్యంగా ఉన్న చేపల బోటును కుడి పక్క గీకి మామూలు రంగే వేయాలి, ఎడమ పక్క ముట్టుకోకూడదు. ఇంకో ఏడాది అలాగే తిరగాలి. వచ్చే వేట నిషేధంలో అతను మళ్ళీ వచ్చి చూస్తాడు. ఎవరైనా రెండో పక్కకు మిరప రంగు వేస్తే ఒప్పందం రద్దు.

చదివి బిగ్గరగా నవ్వాను. నాగేంద్రబాబు పక్క గదిలోంచి వచ్చి చూసి వెళ్ళాడు.

మే 2, శుక్రవారం

క్రీస్తుదాసు నల్లపాడు దాకా వచ్చాడు. గురునాథం గారి ముందు కూర్చోబెట్టి షరతు చదివి వినిపించాను.

"అంటే ఇంకో ఏడాది పక్కకే పోవాలామ్మా?" అన్నాడు.

పోవాలి అన్నాను. దొంగతనానికి ఇంతకంటే న్యాయమైన శిక్ష ఏ జడ్జీ వేయడు. గురునాథం గారు ఎక్కువయ్యే డీజిలు ఖర్చు తను పెట్టుకుంటానన్నారు. క్రీస్తుదాసు గడ్డం గీరుకుంటూ కాసేపు ఆలోచించి, డీజిలు సరే, మరి నా పరువు సంగతేంటి అని అడిగాడు. ఊళ్ళో అందరూ తాగి నడుపుతున్నాడంటున్నారట. పరువుకు కూడా గురునాథం గారు కొంత ఒప్పుకున్నారు. దొంగే వచ్చి బేరమాడుతుంటే నేను నోరు వెళ్ళబెట్టి చూశాను.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. "నేను తీసుకెళ్ళకపోతే మీకు ఈ ఆర్డరు వచ్చేదా అమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ కూడా రాయను.

మే 6

గురునాథం గారు షెడ్డుకు వచ్చారు. ఈసారి టేపు లేదు. రెండో తాళం చెవి నా బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళి, మళ్ళీ తొంగి చూసి, ఇకమీద మచ్చు తోమే ముందు నన్ను అడుగుతానన్నారు. ఆయన వెళ్ళాక తలుపు మూసి, బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చాను. దోమలు కాదు, గాలి కాదు. నా షెడ్డు నాకు దక్కినందుకు.

మే 19, సోమవారం

నాగేంద్రబాబుకు చెప్పేశాను. సీసా మూత సంగతీ, గేటు మీద అనుమానం సంగతీ.

గేటుకు వేసింది బజారులో కొన్న మామూలు ఎర్ర రంగేనట. ఆ కుక్కకు లారీ గుద్ది వెనక కాలు విరిగింది, అందుకే కాలెత్తట్లేదు. నాకు సిగ్గేసింది. కుక్క ఎలా ఉందని అడిగాను. కుంటుతున్నా బాగానే తింటుందట.

మూత సంగతికి మాత్రం కోప్పడతాడనుకున్నాను. సాయంత్రం కొత్త బ్యానరు నమూనా పట్టుకొచ్చాడు. వచ్చే ప్రదర్శనకట. క్షిపణి లేదు. ఎబినేజరు ఫొటో ఉంది, ఒక పక్క గుల్లలు, ఒక పక్క ఎరుపు. కింద "ముట్టుకొని చూడండి" అని ఉంది. బల్ల మీద ఒక ముక్క చెక్క, పక్కన చేతులు కడుక్కోవడానికి పాలు. పాలెందుకంటే, మంటకు నీళ్ళ కంటే అవే పనిచేస్తాయి అక్కా, నాకు తెలుసు కదా అన్నాడు. అప్పుడప్పుడు ఈ కుర్రాడికి బుర్ర ఉందని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఇక్కడ మాత్రమే ఒప్పుకుంటున్నా.

జూన్ 15, ఆదివారం

వేట మొదలైంది. ఆరాధన అయ్యాక బెన్నీ, నేను నిజాంపట్నం వెళ్ళాం. కొత్త రంగులో ఎబినేజరు పెళ్ళికొడుకులా ఉంది. రెండు పక్కలూ శుభ్రంగా ఉన్నాయి కదా, కొత్తలో నేరుగానే పోతుంది, వానలు తగ్గేదాకా ఏ బాధా ఉండదు అని క్రీస్తుదాసుకు ధైర్యం చెప్పాను. అతను నమ్మినట్టు లేడు. నా చేతులు ఖాళీగా ఉన్నాయా అని ఒకసారి చూసుకొని బోటెక్కాడు. నేనూ అతని బోటులో డబ్బాలేమైనా ఉన్నాయేమోనని ఒకసారి చూసుకున్నాను.

ఇంజను మొదలైంది. బోటు కాలువ దాటి, నేరుగా, చక్కగా సముద్రంలోకి వెళ్ళింది.

"ఏంటి, ముఖం అలా పెట్టావు?" అన్నాడు బెన్నీ.

నేరుగా పోతోంది అన్నాను. దీపావళికల్లా కుడి పక్కకు లాగడం మొదలుపెట్టాలి. ఆ రోజు నాకు ఫోన్ చేసి తిట్టమని క్రీస్తుదాసుకు చెప్పి ఉంచాను. అతని తిట్లు వినడానికి ఇప్పటి నుంచే ఎదురుచూస్తున్నాను.